బల్ల మీద మిగిలిన చుట్టు

ఏంటి తల్లీ, తాళాల గుత్తికి ఈ ఇనప చుట్టెందుకంటావా? పారెయ్యకే బాబూ! అది తుపాకీది. నవ్వకు, నిజమే. మా అంచు మేస్త్రి గారి జ్ఞాపకం. అసలు పేరుతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు. మా వర్క్‌షాపుకి పాత మిలిటరీ రైఫిళ్లు వచ్చేవి, బోల్టు లాగి ఒక్కో తూటా పెట్టేవి. పేలిస్తే భుజం వాచిపోయేది. కాలేజీ పిల్లలకి గురి నేర్పడానికి అవి పనికొస్తాయా? అందుకని లోపల సన్న గొట్టం దూర్చి, పెన్సిలు కన్నా సన్నటి తూటా పేలేట్టు మార్చేవాళ్లం. ఆ బుల్లి తూటాకి నిప్పంటుకునే మందు అంచులో ఉంటుంది. నడుమ కొడితే ఉలకదు, పలకదు. తుపాకీలో కొట్టే సూది సరిగ్గా ఆ అంచు మీదే పడాలి. అందుకని ఆయన పొద్దస్తమానం "అంచయ్యా, అంచు!" అంటూ మా ప్రాణాలు తోడేసేవాడు. వాళ్లావిడైతే "ఈయనకి దుప్పట్లోనూ అంచే దక్కుతుంది" అనేది. మహా గడుసుది లే. ఆవిడ చేతి కాఫీ మాత్రం... సరే, ఎక్కడున్నాను? ఆ, చుట్టు.

లోపలి గొట్టం కదలకుండా తుపాకీ మూతి లోపల ఈ చుట్టు బిగించాలి. అది లేకపోతే గొట్టం జరిగి, తూటా వెనక్కి చీలి కంట్లో కొడుతుంది. నలభై తుపాకులకి నలభై చుట్లు చేసి, బిగించే మర కూడా నా చేత్తోనే కోశాను. అప్పటికే నాకు పెళ్లై ఇద్దరు పిల్లలు, పని తెలిసినవాణ్ణేనని గొప్ప. తుపాకులన్నీ లారీకెక్కించుకుని మేస్త్రి గారు మైదానానికి వెళ్లారు. నేను తీరిగ్గా బల్ల తుడుస్తుంటే గుడ్డ కింద ఏదో గరుక్కుమంది. చూస్తే చుట్టు!  ఏదో ఒక తుపాకీకి బిగించడం మర్చిపోయాను. అది ఎవరి చేతిలో పడుతుందో! ఆ రోజు గురి చూసే పిల్లల్లో మీ నానమ్మ ఉంది, నా ఒక్కగానొక్క చెల్లెలు. సైకిలెక్కాను. సగం దారిలో చైను ఊడింది. ఊడితే ఊడిందని పడేసి పరుగు. వెళ్లేసరికి మీ నానమ్మ మొదటి వరసలో బోర్లా పడుకుని, చెంప తుపాకీకి ఆనించి, ఒక కన్ను మూసి ఉంది. "చుట్టు మిగిలిపోయింది!" అని గావుకేక పెట్టాను. మేస్త్రి గారు ఏంటి, ఎందుకు అని అడగలేదు. "ఆపండి!" అన్నారు, అంతే. మీ నానమ్మ లేచి "ఇప్పుడే గురి కుదిరింది, ఏంటన్నయ్యా నీ గోల!" అని నా మీద గయ్యిమంది. ఎంత తిట్టినా తియ్యగానే ఉంది నాకు.

తుపాకులన్నీ ఒక్కొక్కటే తిప్పి చూశారు మేస్త్రి గారు. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై. అన్నిటికీ చుట్లున్నాయి! నాకు మతిపోయింది. అప్పుడాయన నా పిడికిలి తెరిపించి చుట్టు చూశారు. మొహం పాలిపోయింది. "ఇది నేను తీసేసిందేనయ్యా. నీ మర కాస్త గరుకుగా ఉంటే నాది బిగించాను. చెబితే చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు. తప్పు నాది." మామూలుగా అయితే నాకు ఎక్కడలేని రోషం. ఆ రోజు మాత్రం గడ్డిలో కూలబడి నవ్వానమ్మా, నవ్వుతూనే ఏడ్చాను. అప్పట్నుంచీ నా పనిలో ఏం తీసేసినా నా చేతిలో పెట్టి, "ఇది బాగా లేదు" అని మొహం మీదే చెప్పేవారు. నేను మేస్త్రినయ్యానంటే ఆ మాట చలవే.

ఆఖర్న మేస్త్రి గారిని ఆస్పత్రిలో చూడ్డానికెళ్లాను. మనుషుల్ని పోల్చుకోవట్లేదన్నారు. ఆయన నా చెయ్యి తడిమి "బల్ల మీద ఏమీ మిగల్లేదు కదా?" అన్నారు. "ఏమీ లేదు మేస్త్రి గారూ, అన్నీ బిగించేశాం" అన్నాను. "అమ్మయ్య" అని కళ్లు మూసుకున్నారు.

...

ఏదీ, ఆ తాళాలిటియ్యి. మీ నానమ్మ బయట నిలబడి తలుపు కొడుతోంది, వినబడట్లా?