రేడియోలో ఆయన గొంతు

పెళ్లయ్యాక ఉదయంపూట భర్త ఇంట్లో ఉండటం అదే మొదటిసారి. ఆమెకు కాలు నేల మీద నిలవడం లేదు. టీ కలుపుతూ రేడియో పెట్టింది.

"ఏమండీ! ఇక్కడ కూర్చుని అక్కడ వార్తలెలా చదువుతున్నారు? గారడీ ఏమైనా నేర్చారా?"

"నేను కాదు, మెషిన్."

"మీ గొంతేగా!"

"గొంతు నాదే. ఎన్ని రేడియో స్టేషన్లైనా ఒకరే కొనుక్కోవచ్చని కొత్త చట్టం వచ్చాక ఊరూరి స్టేషన్లన్నీ ఒకే కంపెనీ కొనేసింది. నా పాత రికార్డింగులతో మెషిన్‌కి నాలా చదవడం నేర్పారు."

"మరి మీరు?"

"నా ఉద్యోగం నిన్నటితో సరి."

"రాత్రి సెలవన్నారు కదండీ!"

"నువ్వంత సంబరపడుతుంటే చెప్పడానికి నోరు రాలేదు."

ఆమె రేడియో కట్టేసింది. "అత్తయ్యకైనా చెప్పారా?"

"లేదు. రోజూ ఆ వార్తలు వినే, కొడుకు బాగున్నాడని నిశ్చింతగా ఉంటుంది."

ఫోన్ మోగింది.

"అత్తయ్యే. మాట్లాడండి."

"నువ్వే మాట్లాడు. నా గొంతు వింటే ఇట్టే పట్టేస్తుంది."

ఆమె ఫోన్ తీసింది. "ఆ, విన్నాం అత్తయ్యా. అవును, ఇవాళ మరీ హుషారుగా చదివారు... లేదు, ఇంకా రాలేదు. స్టేషన్‌లోనే ఉన్నారు," అంది, ఎదురుగా కూర్చున్న భర్త కళ్లలోకి చూడకుండా.