ఊఁ, కానీయప్పా!

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న మా సంగీత పాఠశాల పెద్ద, బట్టల వ్యాపారి అశ్వత్థనారాయణ గారికి, ప్రొద్దుటూరు పెద్దలకు, పులివెందుల నుంచి ఇంత ఎండలో బస్సెక్కి వచ్చిన పాత విద్యార్థులకు, శాలువా కప్పించుకుని ఇబ్బంది పడుతూ కూర్చున్న మా వయొలిన్ గురువు తిమోతి సారుకు నమస్కారం. నేను శిరీషను. సారు దగ్గరే నేర్చుకుని, సారు పక్క గదిలోనే పాఠం చెబుతున్నదాన్ని.

జమ్మలమడుగు చర్చిలో పాటలకు వయొలిన్ పట్టి, ఈ బడికొచ్చి మాకు వర్ణాలు నేర్పిన మనిషి మా సారు. లాక్‌డౌన్‌లో బడి మూతపడితే ఫోన్ పట్టుకున్నారు. అప్పుడే అమెరికాలో ఉన్న మన అధ్యక్షుల మనవరాలు అమూల్య, ఆమె వెంట తెలుగు ఒక్క ముక్క రాని క్లాస్‌మేట్ ఈథన్ పాఠంలో చేరారు. అక్కడ బడిలోనే పిల్లల చేతికి వాయిద్యమిచ్చి, కాగితం మీది గుర్తులు చూస్తూ అందరూ కలిసి వాయించడం నేర్పుతారట. మంచి పద్ధతే. వేళ్లు ఎక్కడ పెట్టాలో తెలియడానికి వయొలిన్ మెడ మీద రంగు పట్టీలు కూడా అంటిస్తారు. మొదటి రోజే సారు అవి చూసి, "ఆ పట్టీలేందిమ్మా? పీకెయ్. చెవులుండేది దేనికి?" అన్నారు. అమూల్య ఏడ్చింది. (నవ్వులు) అధ్యక్షుల వారు ఇప్పుడు నవ్వుతున్నారు గానీ, ఆ రోజు నాకు ఫోన్ చేసి కోప్పడింది వారే.

ఫోన్‌లో ఇద్దరూ కలిసి వాయిస్తే శబ్దం వెనకాముందవుతుంది. అందుకని సారు ముందు పాడేవారు, పిల్లలు తిరిగి పాడాలి, నోటికి వచ్చాకే వయొలిన్ మీద కమాను పట్టాలి. ప్రతిసారీ కళ్లు మూసుకుని "ఊఁ, కానీయప్పా" అనేవారు. పోయిన నెల వాళ్ల బడి వేడుకలో ఈథన్ వేదికెక్కి, కళ్లు మూసుకుని, మైకులో "ఊఁ, కానీయప్పా" అని మరీ మొదలుపెట్టాడు. అది పాటలో మొదటి మాట అనుకున్నాడు పాపం! (నవ్వులు, చప్పట్లు) ఆ తర్వాత కాగితం లేకుండా, పట్టీలు లేకుండా మోహన రాగంలో గీతం వాయించాడు. ఆ వీడియో చూసి నేనూ ఏడ్చాను.

ఇందాక సారు ఈ మైకులోనే అన్నారు, "చేయి వణుకుతాంది. కమాను పట్టలేని పంతులుతో ఎవరికేం పని? అమెరికా పిల్లోళ్ల పాఠం గూడా ఇడిసిపెడతాండా" అని. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

సార్, చేయి వణకడం మొదలై ఏడాదయింది. ఈథన్ ఆ గీతం నేర్చుకున్నది ఈ ఏడాదిలోనే. ఒక్కసారైనా మీరు వాయించి చూపించారా? లేదు. వాడు విన్నది మీ గొంతు. మీ చేయి వణుకుతుందని ఆ పిల్లలకు ఇప్పటికీ తెలియదు.

ఉద్యోగం మానండి, కాదనను. రేపు పొద్దున్నే ఆ పిల్లలు ఫోన్ చేస్తారు. కమాను నేను పడతాను, మీరు పాడండి. మీరు రానంటే వాళ్లకేం చెప్పాలో నాకు తెలియదు.

ఓపిగ్గా విన్న అధ్యక్షుల వారికి, మీ అందరికీ కృతజ్ఞతలు. గురువును అప్పా అనకూడదు. ఈథన్ తరఫున అంటున్నాను, మన్నించాలి. సార్... ఊఁ, కానీయప్పా!

సెలవు.