కోచ్ గారింటి ముందు బోర్డు

హలో… ఆఁ, మార్నీనే. చెప్పండి వెల్డా గారూ.

అబ్బే, భోజనాలు ఇంకా కాలేదు. గ్రేడీ స్టేడియంలోనే ఉన్నాడు. ఆదివారం కదా… నిన్నటి ఆట వీడియో ముందేసుకుని కోచ్‌లందరూ కూర్చుంటారు. గెలిస్తే గంట, ఓడితే మూడు గంటలు. ఓవెన్‌లో మాంసం పెట్టాను, ఆయన వచ్చేసరికి—

ఏంటీ… బోర్డా?

ఓ, అదా! పీకేశానండీ. చర్చి నుంచి రాగానే.

ఆ, నేనే. స్వయంగా.

…

హలో? ఉన్నారా?

కంగారుపడకండి, భద్రంగానే ఉంది. గరాజ్‌లో పెట్టా. ఒక కాలు కాస్త వంగింది, అంతే. రేపు మీ రియల్ ఎస్టేట్ ఆఫీసుకి పంపించేస్తాలెండి. ఏకంగా మీ బోర్డే ఎత్తుకొచ్చారు చూడండి, గుండెలు తీసిన బంట్లు!

ఎవరేంటి… హాస్టల్ కుర్రాళ్ళు. మీకు తెలియంది కాదుగా. కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఓడిన మర్నాడు కోచ్ లాన్‌లో 'ఇల్లు అమ్మబడును' అని ఒకటి మొలవాల్సిందే. ఈ సీజన్లో ఎన్నోదో లెక్క కూడా మర్చిపోయా. మొదట్లో ఏడ్చేదాన్ని. ఈ ఊరు కాదు… చాలా ఊళ్ళ కిందటి మాట. ఇప్పుడు అట్ట మంచిదైతే టొమాటో మొక్కల కింద పరుస్తున్నా.

పోయిన నెలది చూశారా మీరు? 'ఇల్లు అమ్మబడును, కోచ్ ఉచితం.' గ్రేడీయే పడీపడీ నవ్వాడు. అందులో స్పెల్లింగ్ తప్పు. కాలేజీ పిల్లలండీ!

ఇది మాత్రం… ఆరితేరారు అనుకున్నా. ఇనప ఫ్రేమూ, మీ ఫోటో, ఫోన్ నంబరూ. పార పెట్టి తవ్వితే గానీ రాలేదు. పక్కింటి హాల్వర్ గారు కంచె దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాడు. ఏదో అనబోయి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. మీ ఫోటోకి మీసాలు కూడా గీయలేదు తెలుసా? పెద్దావిడని మర్యాద ఇచ్చారులే అనుకున్నా.

…

నవ్వరేం?

…

ఆఁ, అర్థమైంది. పేపర్ చూసి ఫోన్ చేశారు కదూ? నేను బాధపడతానని ఇలా బోర్డు వంకతో… చదివానండీ, పొద్దున్నే చదివా. 'నలభై ఏళ్ళు, నలుగురు హెడ్ కోచ్‌లు, ఎవరెంత?' మొదటివాడు బాస్కమ్. అది తెలిసిందేగా. స్టేడియం గేటు దగ్గర విగ్రహమై నిలబడ్డవాణ్ణి రెండో చోట వేసే దమ్ము ఎవడికుంది? రెండు లార్కిన్. మూడు గ్రేడీ. ఆఖరున పాపం స్టామ్.

లేదు లేదు, నాకేం కోపం లేదు. కానీ చెప్పండి, లార్కిన్ గెలిచిందంతా ఎవరితో? బాస్కమ్ తయారుచేసి వెళ్ళిన పిల్లలతో. వండిపెట్టిన అన్నం తిన్నాడాయన. తర్వాత వచ్చినవాళ్ళకి ఏం మిగిల్చాడు, ఖాళీ గిన్నె. అయినా గ్రేడీ రెండేళ్ళలో కాన్ఫరెన్స్ లీగ్ ఫైనల్ దాకా తీసుకెళ్ళాడా లేదా? ఈ ఏడాది క్వార్టర్‌బ్యాక్ కుర్రాడి భుజం విరిగితే గ్రేడీ ఏం చేస్తాడు, తనే దిగి బంతి విసురుతాడా? అవేవీ రాయరు. గెలుపులు ఇన్ని, ఓటములు ఇన్ని, అంతే…

ఏంటండీ?

ఎవరొచ్చారు? ఇల్లు చూడ్డానికా… ఎవరిల్లు?

మా ఇల్లు.

బోర్డు కనపడక… తిరిగి వెళ్ళిపోయారు.

…

వెల్డా గారూ, నాకర్థం కావట్లేదు. కుర్రాళ్ళు కాదా?

మీ మనిషా. మీరు పంపితేనా. మేం చర్చిలో ఉన్నప్పుడు.

ఎవరు పెట్టమన్నారు?

…

గ్రేడీనా.

…

ఎప్పుడు?

గురువారం.

లేదు, ఉన్నాను. వినపడుతోంది. చెప్పండి.

నాకు చెప్పేశానన్నాడా? … ఓ. శనివారం రాత్రికల్లా చెప్తానన్నాడు. ఆదివారం పొద్దున బోర్డు పెట్టేయమన్నాడు.

నేను సంతోషిస్తానని కూడానా.

…

మీరు క్షమాపణ ఎందుకండీ. మీరేం చేశారు.

లేదు. ఏమీ అనిపించట్లేదు. అదే వింతగా ఉంది. పళ్ళ డాక్టరు దవడకి సూది వేశాక లోపల ఏం పీకుతున్నాడో తెలియదు చూడండి… అలా ఉంది. పీకుతున్న చప్పుడు మాత్రం వినపడుతోంది.

ఉండండి, ఓవెన్ ఆపేస్తా… మాడుతోంది.

…

ఆ, చెప్పండి. ఇంత తొందరగా ఎందుకు అమ్మడం?

తీసేశారా. కాలేజీ స్పోర్ట్స్ డైరెక్టర్ బుధవారమే పిలిచి చెప్పేశాడా. … వచ్చే శనివారంతో సరి.

సరే. ఇల్లు మారడం దాకా ఎందుకు? ఇక్కడే ఏదో—

ఉద్యోగం? ఎక్కడ?

మోంటానా.

అంత దూరం, అసిస్టెంట్ కోచ్‌గా… ఒకటో తారీఖుకల్లా చేరాలి. ఒప్పేసుకున్నాడు.

…

అయితే నిన్న ఆటలో… వెల్డా గారూ, నిన్న నేను గొంతు చించుకుని అరిచానండీ. ఆయన జట్టు జాకెట్ వేసుకుని. డైరెక్టర్ భార్య నా పక్క సీట్లోనే. మధ్యలో నా చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు. చలికేమో అనుకున్నా. నా చేతి తొడుగు ఒకటి తీసి ఆవిడకిచ్చా.

రాత్రి… ఆ. శనివారం రాత్రి మంచం అంచున చాలాసేపు కూర్చున్నాడు. ఓడిపోయినందుకే అనుకున్నా. వీపు నిమిరి, పాలు వేడిచేసి తెచ్చా. తాగాడు. 'నువ్వు చాలా మంచిదానివి మార్నీ' అన్నాడు. అని పడుకున్నాడు.

…

నా కొట్టు గురించి ఏమన్నా అన్నాడా?

ఒక్క మాట కూడా?

…

అద్దం మీద పేరు రాయించి మూడు నెలలు కాలేదు. ఆ పెయింటర్ని పంపింది మీరే కదా. 'మార్నీ టోలెఫ్సన్, కుట్టుపని.' బ్యాండ్ పిల్లల యూనిఫాంలు కొట్టు నిండా వేలాడుతున్నాయి… వసంతానికల్లా అన్నీ సరిచేసి ఇస్తానని మాటిచ్చాను. ఎనిమిది ఊళ్ళు తిరిగానండీ. ఎనిమిదింటిలోనూ నేను కోచ్ గారి భార్యనే. ఇక్కడ మొన్న పెట్రోల్ బంకులో ఎవరో గ్రేడీని ఆపి, 'మీరు కుట్టు మార్నీ గారి భర్త కదూ' అన్నాట్ట. ఇంటికొచ్చి చెప్పి నవ్వాడు.

నవ్వాడనే అనుకున్నా.

ఈ ఇల్లు కొన్నరోజు మీరున్నారుగా ఇక్కడ, ఈ వంటింట్లోనే. తాళాలు నా చేతిలో పెట్టి ఆయన ఏమన్నాడు?

…

ఆఁ. 'ఇదే ఆఖరిది.' విన్నారుగా. నేనే కలగన్నానేమోనని అడిగా.

…

లేదండీ, కూర్చునే ఉన్నా. మీరేం రావద్దు. రోడ్డు జారుడుగా ఉంటుంది, మీ మోకాలు అసలే…

ఒకటి అడగనా? బాస్కమ్ కట్టించిన ఇల్లు ఇది. ఆయన దగ్గర్నుంచి లార్కిన్‌కి మీరే అమ్మిపెట్టారు. లార్కిన్ దగ్గర్నుంచి స్టామ్‌కి. స్టామ్ దగ్గర్నుంచి మాకు. అందరినీ చూశారు. వాళ్ళ ఆడవాళ్ళకి… ఎలా తెలిసింది?

అదే. వెళ్ళిపోతున్నామని. ఎవరు చెప్పారు వాళ్ళకి?

ఊరికే. చెప్పండి, వింటా.

…

బాస్కమ్ మైకులోనా! ఆట మధ్యలో, హాఫ్‌టైమ్‌లో?

అంటే, రిటైరవుతున్నానని ఊరంతటికీ చెప్పాడు, ఆవిడ కూడా ఊరితోపాటే విందా. … చేతిలో హాట్‌డాగ్. … ఏం చేసిందావిడ?

చప్పట్లు కొట్టింది.

మరి చుట్టూ అందరూ లేచి కొడుతుంటే ఏం చేస్తుంది పాపం. హాట్‌డాగ్ ఎక్కడ పెట్టిందో.

లార్కిన్?

… ఆవిడ జుట్టుకి రంగు వేయించుకుంటూ. ఆ పార్లర్ టీవీలో. చేరబోయే కొత్త కాలేజీ టోపీ పెట్టుకుని నవ్వుతున్నాడా ఆయన… ఆవిడ తల మీద ఆ రంగుతోనే లేచి వెళ్ళిపోయిందా. అయ్యో. కడిగించుకోకుండానే?

నయం. నాకు ఫోన్‌లో తెలిసింది. మీ గొంతుతో తెలిసింది.

స్టామ్ గారు?

…

ముందే చెప్పాడా? జట్టుకంటే ముందా?

మిట్ట మధ్యాహ్నం ఇంటికొచ్చి… ఆవిడ పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది. … రెండో కొస పట్టుకున్నాడు. పట్టుకుని చెప్పాడు. … ఆవిడేమంది?

'గట్టిగా లాగు, ముడతలు పడుతోంది' అందా!

…

ఆ… నవ్వొచ్చింది. నవ్వేననుకుంటా.

ఇద్దరూ కలిసే వచ్చారా మీ ఆఫీసుకి. ఆవిడ చేసిన ఆపిల్ పై పట్టుకుని. ఏ ఊరు వెళ్ళాలో మీ టేబుల్ దగ్గర కూర్చుని ఇద్దరూ పోట్లాడుకున్నారా? చివరికి ఎవరి మాట నెగ్గింది?

ఆవిడదే.

మూడేళ్ళలో ఆరు ఆటలు గెలిచాడాయన. పొద్దున పేపర్ చదువుతూ, పోన్లే, గ్రేడీ ఆయనకంటే పైనున్నాడు అనుకున్నా. నిజంగా అనుకున్నా. సంతోషంగా ఇంకో కప్పు కాఫీ పోసుకున్నా.

…

మీరైతే గ్రేడీని ఈ వరసలో ఎక్కడ వేస్తారు?

తప్పించుకోకండి.

…

ఇంకా వేయలేనంటారా. అదీ నిజమే. ఇంకా ఏమీ చెప్పలేదుగా. ఇవాళ చెప్తాడేమో. భోజనం దగ్గర చెప్తాడేమో. గుండె రాయి చేసుకోడానికి మనిషికి ఒక రోజు ఎక్కువ పడుతుంది… ఆయన చెడ్డవాడు కాదండీ. ఎప్పుడూ కాదు. మొహం చూస్తూ చెప్పాల్సిన మాటలంటేనే భయం. తీసేయాల్సిన కుర్రాడికి కూడా తను చెప్పడు, అసిస్టెంట్‌తో చెప్పిస్తాడు.

నాకెవరితో చెప్పిద్దామనుకున్నాడో… బోర్డుతోనేమో.

…

ఆయనకి ఫోన్ చేయకండి. నాకు తెలుసని చెప్పకండి. … ఆయన్ని ఇరికించాలని కాదు. ఆయన నోటితో వినాలనుంది, అంతే. చెప్తే వెళ్తానేమో కూడా. మోంటానా అయినా వెళ్తానేమో. కొట్టు మూసేసి… తెలియదు. చెప్పనీ ముందు.

కారొచ్చింది.

పెట్టేయకండి. ఉండండి లైన్లో. ఏం మాట్లాడకపోయినా ఫరవాలేదు, ఉండండి.

గ్రేడీ? వంటింట్లో ఉన్నా!

… వెల్డా గారు. … ఏం లేదు, ఊసుపోక. పేపర్లో వేశారుగా మీ నలుగురినీ, దాని గురించి. … మూడు. లార్కిన్ తర్వాత. … నువ్వు చూడలేదా? టేబుల్ మీదుంది.

ఆపేశా, కొంచెం మాడింది. పైపైన తీసేస్తే సరిపోతుంది.

కూర్చో గ్రేడీ. బూట్లు తర్వాత విప్పొచ్చు. ఏదో చెప్పబోతున్నావు.

…

లాన్‌లోనా?

ఆ, చూశా. చర్చి నుంచి రాగానే చూశా. పీకి గరాజ్‌లో పడేశా.

…

ఏం, ఎందుకు అడిగావు?

…

మరి ఎవరు పెట్టుంటారంటావు?

…

ఆఁ.

…

నేనూ అదే అనుకున్నా. సరే, చేతులు కడుక్కురా. … ఊఁ, వచ్చేస్తా, రెండు నిమిషాలు.

…

హలో.

వినపడిందా?

ఆయన గొంతు వినపడలేదా. మెల్లగానే అన్నాడులెండి.

'హాస్టల్ కుర్రాళ్ళే, ఇంకెవరు' అన్నాడు.

…

నవ్వుతూనే. నుదుటి మీద ముద్దు పెట్టి మరీ వెళ్ళాడు.

లేదండీ. ఏడవట్లేదు. ఏడుపొస్తే బాగుండేది.

మీరేం అనకండి. రేపు మీ మనిషిని పంపించండి, బోర్డు మళ్ళీ పాతేయమనండి. ఆ వంగిన కాలు ఇక్కడే సుత్తితో సరిచేసి ఉంచుతా. … అమ్మేయండి. నా సంతకం కూడా కావాలిగా, కాగితాలు కొట్టుకి తీసుకురండి. పెడతాను.

ఇంకొకటి. నాకో ఇల్లు చూసిపెట్టండి.

… మోంటానాలో మీకెవరు తెలుసండీ? ఇక్కడే. మన ఊళ్ళోనే. కొట్టుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటే చాలు. చిన్నదే. మంచులో మెట్లు ఎక్కువ లేకుండా…

లేదు. ఒక్కదానికే.

…

అవునండీ. బాగానే ఆలోచించాను. ఇప్పుడే, ఆయన చేతులు కడుక్కుంటుండగా.

ఉంటాను మరి. భోజనం వడ్డించాలి.