తలా ఒక ముక్క

రెంటచింతల, 1986 ఎండాకాలం. నాటకాల్లో పద్యాలు పాడే ఏసోబు ఇంటి అరుగు మీద ఆయనా, ఆ వీధి పంతులమ్మ దయామణీ.

"ఒక్క ముక్కేనా దయామణీ? నేను రాగం ఎత్తుకుంటేనే మీ క్యాసెట్టు ఒక పక్క అయిపోద్ది."

"అందుకే రాగం వద్దంటున్నా బాబాయ్. ఫారిన్‌లో పేరుమోసిన పాటగాళ్లంతా ఒకచోట చేరి తలా ఒక ముక్క పాడారు. ఆ డబ్బు ఆఫ్రికాలో కరువోళ్లకి పంపారు. రేడియోలో విన్నావుగా."

"విన్నా. ఒక్కడి గొంతూ తనివితీరా వినపడలా."

"మనమూ అట్టాంటిది ఒకటి చేసి అమ్మితే, ఈ కరువులో మన ఊరి గొడ్లకి గడ్డీ పిల్లలకి గంజీ వస్తయ్."

"గడ్డికి నేనడ్డమా? పాడతా. పద్యం మొత్తం పాడతా."

"పాడేది చానామంది బాబాయ్. పాట ఒక్కటే."

"సరే, ఎక్కడ?"

"మాచర్లలో. నూర్ మొహమ్మద్ టేపురికార్డర్ల షాపులో. చప్పుడు పడుద్దని తలుపులేసి ఫ్యాను కూడా ఆపేస్తాడంట."

"ఈ ఎండల్లోనా? పాటెందుకు, నన్నే ఉలవల్లాగా ఉడకేసి గొడ్లకి పెట్టండి."

"బాబాయ్..."

"జనం వన్స్ మోర్ కొడితే?"

"క్యాసెట్టుకి ఎవరు కొడతారు? వెనక్కి తిప్పుకుంటారు."

"అది బాగానే ఉంది. మొదటి ముక్క ఎవరిది?"

"అది తర్వాత చూద్దాంలే బాబాయ్."

"నిన్నే దయామణీ."

"హన్నమ్మ పిన్నిది."

"అయితే నేను రాను."

"సరే, మొదటిది నీదే."

"ఆమె ఉంటే రాను."

"నువ్వు పాడి బయటికొచ్చాక పాడమంటాలే."

"గొంతు కూడా బాలేదు."

"ఇందాకట్నుంచీ అరుస్తానే ఉన్నావుగా."

"అరవడం వేరు."

"ఇంకా ఆ గురజాల నాటకం గొడవేనా? జనం ఆమెకి వన్స్ మోర్ కొట్టారు, నీకు కొట్టలా. అందులో ఆమె తప్పేంది?"

"మళ్లీ మళ్లీ పాడింది. నేను పక్కన దిష్టిబొమ్మలాగా నిలబడి ఉంటే."

"రంగు కూడా కడుక్కోకుండా బస్సెక్కావంట."

"కిరీటంతోనే ఎక్కా. కండక్టరు టిక్కెట్టడగలా."

"అప్పట్నుంచీ మాటల్లేవా?"

"ముందు ఆపింది ఆమే."

"పిన్ని నువ్వే ఆపావంది."

"నా గురించి నీతో మాట్లాడిందా? ఏమంది?"

"తన ముక్క నీకే ఇచ్చెయ్యమంది. ఏసోబు గొంతు లేని క్యాసెట్టు పల్నాట్లో ఎవరూ కొనరంది."

"హన్నమ్మా? అట్టా అందా?"

"అంది."

"మరి ఆమేం పాడుద్ది?"

"ఏమీ పాడదంట. నీకు ఇబ్బందని."

"అదేంది? ఆమె లేకపోతే పాట ఎట్టా లేస్తది? పైకి ఎవరు పోతారు? ఆ ఎత్తు నాకెక్కడిది? నాకు అందదు దయామణీ. గురజాలలోనూ అందలా."

"ఆ మాట పిన్నికి చెప్పు."

"నువ్వు చెప్పరాదూ."

"నీ పెళ్లానికి కబుర్లు నేను మొయ్యాలా బాబాయ్? తలుపు చాటునే నిలబడి ఉంది."

"విన్నాలేవయ్యా. అన్నం పెట్టా, లోపలికి రా. తిన్నాక ఇద్దరం శ్రుతి చూసుకుందాం."