కెమెరా నేర్చిన మా టైపు అక్కయ్యగారు

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం మన గ్రంథాలయపు మౌఖిక చరిత్ర విభాగంలో టైపిస్టుగా ప్రవేశించి, ముప్పై అయిదు వసంతాల అవిచ్ఛిన్న సేవ అనంతరం నేడు పదవీ విరమణ చేస్తున్న మాన్యురాలిని మనమెవరమూ పేరుతో పిలిచి ఎరుగము. చిన్నా పెద్దా అందరికీ ఆమె ‘టైపు అక్కయ్యగారే’. ఆ విభాగంలో పరికరాల బాధ్యుడిగా పాతికేళ్లు ఆమె పక్కన పనిచేసిన అర్హతతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

తొలి ఇరవై సంవత్సరాలు వారి కృషి అంతా చెవులతోనే సాగింది. వయసు మళ్లిన కార్మికులు క్యాసెట్లలో చెప్పిన జ్ఞాపకాలను అక్షరం పొల్లుపోకుండా టైపు చేసేవారు. దగ్గును దగ్గుగా, మౌనాన్ని మౌనంగా రాసేవారు. ‘ఇక్కడ చాలాసేపు మాట లేదు’ అన్న వాక్యం వారి పుటలలో ఎన్నిసార్లు కనిపిస్తుందో లెక్కలేదు.

రెండువేల తొమ్మిదిలో ఇంటర్వ్యూలను వీడియోగా చిత్రించాలని సంస్థ నిర్ణయించింది. వచ్చిన ఛాయాగ్రాహకుడు మూడు నెలలకే బదిలీ అయిపోగా, అధికారిగారు కెమెరాను అక్కయ్యగారి బల్లమీద పెట్టారు. అప్పటికి వారి వయసు నలభై మూడు. “గోడకి మేకు కొట్టడమే రాదండీ నాకు” అన్నారే గాని, ఆ సాయంత్రమే దాన్ని ఇంటికి తీసుకువెళ్లారు. బస్సు డ్రైవరైన వారి భర్తగారు నెల రోజులపాటు కుర్చీలో కూర్చుని సాధనకు సహకరించారు.

“ఇన్నేళ్లుగా చూస్తున్న మొహమేగా, ఇంకా ఏం తేలాలి?” అనేవారట ఆయన.

“కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే బొగ్గులా వస్తున్నారు. ఇటు జరగండి!” అనేవారట ఈమె.

వెలుగు ముఖం మీద పడాలని, కెమెరా కన్ను మనిషి కన్నుతో సమానమైన ఎత్తులో ఉండాలని అలా నేర్చుకున్నారు.

ఇక ఇక్కడ ఒక సంఘటన చెప్పక తప్పదు. ఇందులోని పెద్దాయన కుమార్తె అనుమతితోనే చెబుతున్నాను.

అక్కయ్యగారు ఒంటరిగా వెళ్లి చిత్రించిన మొదటి వ్యక్తి, శ్వాసకోశాలు దెబ్బతిన్న ఒక విశ్రాంత గని కార్మికుడు. ముప్పై ఏళ్ల కిందట గనిలోకి నీరు చొచ్చుకొచ్చిన దుర్ఘటన గురించి ఆయన ఇంట్లో కూడా ఎన్నడూ పూర్తిగా నోరు విప్పలేదు. ఆనాడు రెండు గంటలు చెప్పారు. కార్యాలయానికి వచ్చి చూస్తే బొమ్మ అద్దంలా ఉంది. శబ్దం మాత్రం లేదు. పెద్దాయన కాలరుకు తగిలించిన మైకు స్విచ్చి వేయడం అక్కయ్యగారు మరిచిపోయారు.

సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను, తప్పుదారి చూపించింది నేనే. “మైకు పాడైందని రాసేద్దాం అక్కయ్యగారూ. ఆయన చెప్పింది మీకు గుర్తుందిగా, టైపు చేసెయ్యండి” అన్నాను.

“నోరులేని దాని మీద నింద వేద్దామా? ఆయన మోసిన మాటని నా నోటితో ఎలా చెప్పనయ్యా?” అన్నారు.

‘పొరపాటు నాదే’ అని నివేదిక రాసి, మరునాడు నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లారు. ఉన్నది ఉన్నట్టు చెప్పి చేతులు జోడించారు. పెద్దాయన నా చేతిలోని కెమెరా వైపు చూశారు.

“ఒకసారి చెప్పడానికే ముప్పై ఏళ్లు పట్టిందమ్మా. ఆ యంత్రానికి మళ్లీ చెప్పలేను.”

“దానికి చెప్పొద్దు బాబాయిగారూ. మీకిష్టమైతే మీ అమ్మాయికి చెప్పండి. మేం పక్కన ఉంటాం.”

ఆయన కళ్లు మూసుకుని తల ఊపారు. అక్కయ్యగారు కెమెరా పక్కన కుర్చీ వేసి కుమార్తెను కూర్చోబెట్టారు. ఈసారి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆయన ఊపిరి చప్పుడు విన్నాకే మొదలుపెట్టారు.

“మీ మేనమామ నీళ్లలో కొట్టుకుపోయాడని చెప్పాను గదమ్మా. కాదు. నీళ్లు పై మట్టానికి రాకుండా ఇనుప తలుపు వెయ్యమన్నారు. వేసింది నేను. వాడు అవతల ఉన్నాడు.”

అక్కయ్యగారి చెయ్యి కెమెరా మీద కదలలేదు. కుమార్తె లేచిపోతుందేమోనని నేను భయపడ్డాను. ఆమె లేవలేదు.

“మామ ఏమన్నాడు నాన్నా?”

“‘వెయ్యి బావా, పైన అరవైమంది ఉన్నారు’ అన్నాడమ్మా.”

ఆమె వంగి తండ్రి చేతులు పట్టుకుంది. ఆమె తల అడ్డొచ్చి ఆయన ముఖం సగం కనబడకుండా పోయింది. అక్కయ్యగారు సరిచెయ్యమనలేదు. ఆ చిత్రం నేటికీ అలాగే భద్రంగా ఉంది. అయిదు నెలల తరువాత పెద్దాయన కన్నుమూశారు. “మా నాన్న చివరి నెలల్లో నిద్రపోయాడండీ” అని ఆ కుమార్తె స్వయంగా వచ్చి చెప్పి వెళ్లింది.

అటుపిమ్మట అక్కయ్యగారు నాలుగు వందల పైచిలుకు ఇంటర్వ్యూలను చిత్రించారు. పదకొండు మందికి ఈ విద్య నేర్పారు. ప్రతి శిక్షణలోనూ మొదటి పాఠంగా ఆ శబ్దం లేని వీడియోనే చూపించి, “ఇది నేను తీసిందే” అని చెప్పేవారు. పదోన్నతులు ఆలస్యంగా వచ్చినా వారి నోట నిష్ఠూరం వినలేదు.

ఇతరుల కష్టసుఖాలు ఆలకించడానికే జీవితంలో అధికభాగం వెచ్చించిన ఈ సహృదయురాలు, భర్తగారితోనూ బిడ్డలతోనూ నిండు నూరేళ్లు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని, తీరికగా చెప్పుకునే కబుర్లు వారి వద్దా, వాటిని తీరికగా వినే మనుషులు వారి ఎదుటా ఎన్నటికీ కొరవడకూడదని మా అందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాను.