కొళాయి కాడ సింహాచలమ్మ తీర్పు

రా, ఇలగ కూకో. నిన్న సినిమాకెల్లినావంట గదా, మీ తాత పోలయ్య సెప్పినాడు. ఎలాగుంది? ఊఁ... బాగుందా. ఏటి బాగుంది? కంప్యూటర్లో రాస్తావంట, సినిమా ఎలాగుందో సెప్పి అయిదుకి ఇన్ని సుక్కలని ఏస్తావంట. దీనికెన్నేసినావు? మూడా. మూడెందుకు? ...అందరూ మూడేసినారని నువ్వూ మూడేసినావా. ఓలమ్మ. మరి టిక్కెట్టు కొనుక్కోని అంత దూరమెల్లడం దేనికి, ఆళ్లనే అడిగీస్తే సరిపోను గదా. నవ్వకు పిల్లా. నచ్చనిది నచ్చనేదని నలుగుర్లో సెప్పడం అంత సులువనుకోకు. మన గార్డెన్ రీచ్ కూలీ లైన్లలో ఒక మనిసుండీది, సింహాచలమ్మని. నువ్వెరగవు. నువ్వు పొత్తిళ్లలో ఉన్నప్పుడే పోనాది.

ఆయమ్మది కార్పొరేషన్లో రోడ్లూడ్సీ ఝాడూ పని. మనిసి నల్లగా, పొడుగ్గా, గొంతు మాత్రం కంచు. మొగుడు పోయినాక ఆ పని ఈవిడికిచ్చినారు. తెల్లారగట్ల నాలుగింటికి రోడ్డు మీదుండీది. ఆదివారం మాత్రం బేగి బేగి ఊడ్సీసి, తానం సేసి, గంజెట్టిన కోక కట్టుకోని సినిమా హాలు కాడికొచ్చీది. అప్పట్లో, అదే, జ్యోతిబాబు ఈ బెంగాలుకి ముఖ్యమంత్రిగా ఉన్న రోజులు, ఖిదిర్‌పూర్ వేపు ఒక హాల్లో ఆదివారం పొద్దున్న ఒక్క ఆట తెలుగు బొమ్మ ఏసీవోరు. మిగతా వారమంతా హిందీయే. ఆ హాలిప్పుడు నేదులే, బట్టల కొట్లు కట్టీసినారు. పన్నెండున్నరకి ఆట వదిలీది. మన లైన్లో కొళాయి రెండింటికి గాని రాదు. ఆ మద్దెలో ఆడోల్లంతా బకెట్లు వరసలో ఎట్టీసి కూకుంటే, సింహాచలమ్మ సినిమా సెప్పీది. మా మొగోల్లం పక్కన నిలబడి ఇనీవోళ్లం. డూటీకెల్లినోల్లు, పిల్లల్నొగ్గి రాలేనోల్లు, అందరికీ అదే సినిమా. ఉత్తికథ కాదు, తీర్పుతో సహా. 'ఇక్కడ దాకా బాగుంది. ఇక్కణ్నుంచి అబద్ధం' అనీసీది. ఓ సినిమాలో తల్లికి కళ్లు నేవు, కొడుకు ఎదురుగా నిలబడితే పోల్చుకోదు. 'కళ్లు నేకపోతే అడుగు సప్పుడు తెలీదేటి? రాసినోడికి తల్లి నేదేటి?' అన్నాది. ఇంకో దాన్లో మొగుడు తాగొచ్చి తంతే పెళ్లాం ఆడి కాళ్లట్టుకుంటాది. అక్కడికొచ్చేసరికి, 'ఈ ముక్క నాను సెప్పను, బకెట్లు సూసుకోండి' అని లేసిపోనాది.

ఇంకోటి సెప్పాల. హాస్యానికని ఒక సినిమాలో రోడ్లూడ్సీవోణ్ని ఎట్టినారు. ఆడు ఝాడూ తగులుకోని పడతాడు, బురదలో దొర్లుతాడు. హాలంతా ఒకటే నవ్వు. ఎవులు నవ్వినారు? పొద్దున్న ఊడ్సొచ్చిన మనోల్లే. నానూ నవ్వినాను. ఈయమ్మ నవ్వనేదు. కొళాయి కాడ సెప్పినాది, 'పొడుగు ఝాడూకి ఏ సెయ్యి పైనుండాలో ఆడికి తెలీదు. తెలీనోడు పడతాడు. ముప్పయ్యేళ్లయ్యింది, మనలో ఎవులు పడినారు సెప్పండి' అని. సూడు, అదీ సెప్పడమంటే.

సరే, అసలు సంగతికొస్తాను. టీ తాగు, సల్లారిపోద్ది. ఎనభైనాలుగో అయిదో, వానాకాలం. అన్నాచెల్లెళ్ల బొమ్మొకటి తెచ్చినారు. చెల్లెలు మందు తాగి సచ్చిపోద్ది, అన్న పాడె మోస్తాడు, హాల్లో మొగోల్లు కూడా ముక్కులు సీదినారు. ఆ ఎనకాల ఏటైందంటే, అదే పిల్ల నవ్వుకుంటా అన్నకి అన్నం ఒడ్డిస్తంది. మేమందరం నోళ్లు తెరిసినాము. ఆట వదిలినాక భవానీపూర్ నుంచొచ్చిన భానుమూర్తిగారని బేంకు ఆఫీసరు, బెంగాలీ బాబులతో కూడి విదేశీ సినిమాలు సూసీవోడు, మెట్ల మీద నిలబడి సెప్పినాడు. 'ఇది మామూలు సినిమా కాదయ్యా. మరణం ముందు చూపించి జీవితం తరవాత చూపించాడు. ఇలాంటి ప్రయోగం తెలుగులో రావడం మన అదృష్టం' అని. అంతే, అందరం అదృష్టమే అనుకున్నాము. దారంతా అదే మాట.

సింహాచలమ్మ కొళాయి కాడ కూకోని, 'అదృష్టం కాదు, దరిద్రం. రీళ్లు తారుమారైనాయి' అన్నాది. ఎలగంటావు? పాడె మీద ఆ పిల్ల సెయ్యి సూపించినారు, ముంజేతి మీద కాలిన మచ్చున్నాది. అన్నం ఒడ్డించిన ఎనకాల ఇంకో సీన్లో గంజి వారస్తా సెయ్యి కాల్చుకుంటాది. మచ్చ ముందొచ్చి కాలడం తరవాతేటి? కావాలని ఎనకటి సంగతి సూపించినారంటే, కాలిన సేతికి మందు రాస్తా అన్న ఆడీ మాట సగంలో తెగి, మిగతా సగం పాడెకి ముందే ఇనిపించదు గదా. మేమెవలం ఆ సెయ్యి సూడనేదు. సూసినా ఆనవాలట్టనేదు. ఈ మాట కుర్రోల్ల సెవిన పడ్డాది. మరుసటి ఆదివారం ఆళ్లు హాలు కాడికెల్లి, టిక్కెట్టు డబ్బులు తిరిగిమ్మని గొడవెట్టి, రెండు కుర్సీలిరగ్గొట్టినారు. మేనేజరు మండిపోయి, 'రీళ్లు సరిగ్గానే ఏసినాము. పుకారు లేపిన మనిసి అందర్లో తప్పైందనాల, నేదంటే మీ తెలుగు ఆట బంద్' అనీసినాడు. ప్రింటు సూద్దామంటే అది అప్పటికే రైలెక్కీసింది.

పంచాయితీ పార్టీ ఆఫీసులో ఎట్టినారు. ఆ రోజుల్లో మొగుడూపెళ్లాల తగువైనా అక్కడే గదా. పార్టీ దాదా, అదే ఆళ్ల లీడరు, మంచోడే పాపం, 'మాశీ, ఏక్‌బార్ బోలే దిన్ నా, భూల్ హొయేఛే' అని బతిమాలినాడు. ఒక్కసారి తప్పైందనీ పిన్నీ, అయిపోద్దని. మన తెలుగోల్ల సమితి పెద్ద మల్లేశు, 'నీ మాట కోసం ఇంతమంది ఆదివారం పోవాలా?' అన్నాడు. భానుమూర్తిగారు కూడా వచ్చినాడు. 'చదువు లేనివాళ్లకి ఇలాంటివి అర్థం కావమ్మా, నీ తప్పు కాదు' అన్నాడు. దానికాయమ్మ, 'సదువు మీకున్నాది బాబుగారూ. ఆ సెయ్యి మీరూ సూసినారు, నానూ సూసినాను. మీరు సూసింది ఒగ్గీసి సదివింది సెప్తన్నారు' అన్నాది. ఆ తరవాత అందర్నీ ఒక సుట్టు సూసినాది. ఒక్కొక్కల్నీ. నా కాడ కూసింత ఎక్కువసేపు ఆగినాది.

ఎందుకంటే... ఇదిగో, ఇది మీ తాతకి కూడా తెలీదు. హౌరా టేసను నుంచి ఆ రీళ్ల డబ్బాలు తోపుడుబండి మీద తెచ్చింది నాను. వారం వారం నానే తెచ్చీవోణ్ని, దానికి నాకు ఆట ఊరికే. ఆ దినం జడివాన, గోనె కప్పడం మరిసిపోనాను. డబ్బాల మీద నంబరు కాగితాలు తడిసి ఊడిపోనాయి. రీలు మొదట్లో కూడా నంబరుంటాదంటారు గాని, పాత ప్రింటు, ఊరూరా తిరిగి ఆ మొదళ్లెప్పుడో తెగిపోనాయి. ఆపరేటరుకి తెలుగు ముక్క రాదు. నాకు తోసినట్టు వరస పేర్సి ఇచ్చీసినాను. సినిమా నడస్తంటే వరస తప్పిందని నాకు తెలిసిపోనాది. భానుమూర్తిగారు ప్రయోగమనగానే ఊపిరొచ్చినాది. అప్పటికి నాను కార్పొరేషన్లో రోజుకూలోణ్ని. మా గేంగుకి హాజరీ రాసీది మల్లేశే. ఆదివారం ఆట నావల్ల పోనాదంటే సోమారం నా పేరు రాస్తాడేటి? తల దించీసుకున్నాను.

ఆయమ్మ లేసి నిలబడి, 'ఆట ఆపుకుంటే ఆపుకోండి. సూసింది సూడనేదని నానను' అన్నాది. ఆఖరికి మల్లేశే రాజీ కుదిర్సినాడు. ఆట నడస్తాది, సింహాచలమ్మని లోపలికి రానివ్వరు. సరేనన్నాది. ఏడవనేదు. మరుసటి ఆదివారం అదే గంజికోక కట్టుకోని వొచ్చి, హాలు ఎనకాల సందులో నిలబడినాది. గోడకి ఫేను కన్నాలుండీవి, మాటలూ పాటలూ ఇనిపించీవి. మూడు గంటలూ నిలబడి ఇన్నాది. కొళాయి కాడ, 'బొమ్మ సంగతి నానెరగను. మాటలు మాత్రం అబద్ధం. అలగ ఏడిసీ మనిసి అంత పొడుగు మాటలాడదు' అన్నాది. ఆరేళ్లమ్మా. ఎండ నేదు, వాన నేదు. టిక్కెట్టు కొనుక్కోని సూసొచ్చినోల్లు, సూడని మనిసి కాడికెల్లి ఎలాగుందని అడిగీవోరు. నిలబడీదానికి మాత్రం ఎవులూ తోడెల్లనేదు. డబ్బాలు లోపలికి మోసుకెల్తా నాను ఆ సందు ముందు నుంచే ఎల్లీవోణ్ని, వారం వారం.

ఆ ఆరేళ్లకి రోగమొచ్చి ఆస్పత్రిలో పడ్డాది. కమలాలట్టుకోని ఎల్లినాను. అప్పటికి నాకు పని పెర్మనెంటైపోనాది మరి, ధైర్యమొచ్చినాది. మంచం పక్కన కూకోని అంతా సెప్పీసినాను. గోనె, కాగితాలు, అంతా. ఇని ఇని, 'రీళ్లు వరసలో ఏసినా అది మంచి బొమ్మ కాదురా బైరాగీ' అన్నాది. నాకు నవ్వొచ్చీసినాది. మన్నించీసిందనుకున్నాను. కమలం ఒలిసి సేతికిస్తే పుచ్చుకోనేదు. గోడేపు తిరిగి అన్నాది, 'నాకు నువ్వే అని ఆ పంచాయితీ నాడే తెలుసు. నువ్వు లేస్తావని సూసినాను.'

...

ఏటి? ఆఁ, ఏటీ నేదు. పద, ఎండెక్కిపోతంది. నీ బస్సెల్లిపోద్ది.