ఇద్దరెక్కితేనే నడిచే గుర్రం

సాయంత్రం పూట గుర్రపుసాలలో అమ్మమ్మ ముసలి ఆడగుర్రానికి జీను కడుతోంది. పక్కనే కాలు నిలవని మనవరాలు.

“బిగించేశావుగా, ఎక్కనా?”

“ఆగవే తొందరకత్తె! ఇది ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బిస్తుంది. వదిలాక పట్టీ మళ్లీ లాగాలి. ఆఁ, ఇప్పుడెక్కు.”

“ఎక్కాను. కదలదేంటి అమ్మమ్మా?”

“నీ వెనక ఇంకొకరు ఎక్కాలని చూస్తోంది. చిన్నప్పుడు ముందు మీ అమ్మ, వెనక మీ పెద్దమ్మ కూర్చునేవాళ్లు. ఇద్దరూ ఎక్కితేనే నడవాలని దీనికి నేనే నేర్పాను.”

“పెద్దమ్మ చిన్నప్పుడే జ్వరమొచ్చి పోయిందిగా?”

“పోయింది. తర్వాత మీ అమ్మ ఒక్కతే ఎక్కితే ఇది అడుగు వెయ్యలేదు. మీ అమ్మ ఏడ్చుకుంటూ దిగింది, మళ్లీ ఎక్కలేదు. ఆ తర్వాత ఎవరెక్కినా ఇదే వరస. ఇదీ నేనూ కాటికి కాళ్లు చాచాం. పోయేలోగా ఒక్కసారి ఇది నడవగా చూడాలే.”

“అయితే నువ్వెక్కు!”

“నేనెక్కితే దాని నడుమూ నా నడుమూ కలిసి విరుగుతాయి. నీ వెనక జీను మీద చేత్తో గట్టిగా నొక్కుతాను, నమ్ముతుందేమో చూద్దాం. ఉండు, ముందు నీ కాలి కింది రికాబు సర్దనీ.”

అమ్మమ్మ వంగిందో లేదో, గుర్రం చెవులు వెనక్కి తిప్పి మెల్లగా నడక సాగించింది.

“అమ్మమ్మా, నడుస్తోంది! భలే నొక్కావు!”

“నేనింకా చెయ్యే వెయ్యలేదే తల్లీ.”

“మరి నా నడుం పట్టుకున్నదెవరు?”

అమ్మమ్మ రికాబు వదిలేసి గుర్రం పక్కనే నడిచింది.

“వెనక్కి తిరగకు. కాస్త ముందుకు జరిగి, మీ పెద్దమ్మకి చోటివ్వు.”